చేబదులు గంప

కళ్ళు లేని మనిషిని దగ్గరికి పిలిచి, నీకేం కావాలని అడగడమెందుకు?

ఈ అనుమానం సంతోషకుమారిని సండే స్కూలు రోజుల నుంచీ వదల్లేదు. దారి పక్కన కూర్చున్న గుడ్డి బిచ్చగాడు గొంతు చించుకుని కేకలు పెడుతుంటే ప్రభువు ఆగి, వాణ్ణి రప్పించి, నేను నీకేం చెయ్యాలని అడిగాడని టీచరమ్మ చెప్పినప్పుడు, చాప మీద కూర్చున్న పిల్లలందరిలో చెయ్యెత్తింది ఆమె ఒక్కతే. "ఆయనకి తెలియదాండీ?" అంది. "దేవుణ్ణి అట్టా అడక్కూడదు, కూర్చో" అంది టీచరమ్మ. కూర్చుంది. ఆ తర్వాత ఎందరో పాస్టర్లు ఆ వాక్యం మీద ప్రసంగాలు చేశారు. ప్రతిసారీ ఆమె తలమీద కొంగు సవరించుకుని, భక్తిగా విని, అనుమానాన్ని అనుమానంగానే ఇంటికి తెచ్చుకునేది. దానివల్ల విశ్వాసానికేమీ లోటు రాలేదు. పంటి సందున ఇరుక్కున్న జామ గింజలా ఉండేది, అంతే.

ఆ బుధవారం పొద్దున గుంటూరు బ్రాడీపేటలో, మందుల షాపు పైమేడలో ఉన్న జ్యోతిర్మయి ఆఫీసులో ఆ గింజ మళ్ళీ నాలుక్కి తగిలింది.

"ఆంటీ, ముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి" అంది జ్యోతిర్మయి, బోర్డు తుడుస్తూ. "మనకి తెలియనిది ఎటూ అడుగుతాం. తెలుసు అనుకున్నది కూడా అడగాలి. ఈ పనిలో సగం అదే."

సంతోషకుమారి కలం ఆగిపోయింది. జ్యోతిర్మయికి ఇంకా ముప్పై దాటలేదు. హైదరాబాదులో పెద్ద కంపెనీ వదిలేసి వచ్చి, సొంత ఊళ్ళో నలుగురు కుర్రాళ్ళని పెట్టుకుని షాపులకీ మిల్లులకీ సాఫ్ట్‌వేర్ రాయిస్తోంది. సంతోషకుమారి కోల్డ్ స్టోరేజీలో రసీదులు రాసిన మనిషి. ఈ ఆఫీసులో బిల్లులు చూడ్డానికి చేరింది. మిరపకాయల షెడ్డు ఒకటి కొత్తగా సాఫ్ట్‌వేర్ అడిగింది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు ఆఫీసు కుర్రాళ్ళని చూస్తే నోరు విప్పడం లేదు. "మీరైతే మాట్లాడతారు. ఎలా అడగాలో, ఎలా రాయాలో నేను నేర్పుతాను. ఇది కుదిరితే మీకు బిల్లుల గొడవ ఉండదు, ఇదే పని" అని రెండు రోజుల ముందే అంది జ్యోతిర్మయి. ఆ మాటకి సంతోషకుమారి రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. ఈ వయసులో ఒకళ్ళు కూర్చోబెట్టి నేర్పుతానంటారని ఆమె అనుకోలేదు.

జ్యోతిర్మయి బోర్డు మీద సున్నా చుట్టి, కింద నిలువు గీత గీసి, చేతులూ కాళ్ళూ పెట్టింది. ఒకటో తరగతి పిల్లలు పలక మీద గీసే బొమ్మలా ఉంది. దాని పక్కన కోడిగుడ్డు ఆకారం గీసింది.

"ఈ మనిషి యాక్టరు. ఈ గుడ్డు యూజ్ కేసు. ఈ మనిషికి ఏదో కావాలి. అది దక్కడానికి తనేం చేస్తాడు, సిస్టమ్ ఏం చేస్తుంది, మధ్యలో తేడా వస్తే ఏమవుతుంది, వరసగా రాయడమే. కథ చెప్పినట్టు రాయండి, కాకపోతే ఒక్క అడుగూ వదలకూడదు. ఏదీ, మీ ఇంట్లో టీ గురించి రాయండి చూద్దాం."

సంతోషకుమారి రాసింది. పాలు పొయ్యి మీద పెట్టడం, అల్లం దంచడం, పొంగకుండా చూసుకోవడం, వడగట్టడం, గ్లాసు తీసుకెళ్ళి ఇవ్వడం. పైన యాక్టరు దగ్గర తన పేరు రాసింది.

జ్యోతిర్మయి చదివి నవ్వింది. "టీ ఎవరికి కావాలి?"

"మా ఆయనకి. నేను తాగను."

"మరైతే యాక్టరు ఆయన. ఎవరికి కావాలో వాళ్ళే యాక్టరు."

"ఆయనేం చేశాడమ్మా? 'సంతోషం, టీ' అన్నాడు. అంతే."

"అదే. ఆయన అడిగాడు. మిగతాదంతా చేసేది సిస్టమ్."

సంతోషకుమారి కాగితం వైపు చూసింది. "అయితే పెళ్ళైన దగ్గర్నుంచీ నేను సిస్టమ్‌నన్నమాట" అంది. వెనక కుర్చీలో కుర్రాడొకడు పొలమారి దగ్గాడు. జ్యోతిర్మయి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం ఇంట్లో ఈ మాట చెబితే, ఆమె భర్త ప్రభు లేచి వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నెలు మోగాయి. కాసేపటికి పాలు పొంగిన వాసన వచ్చింది. "సిస్టమ్ చెడిపోయింది సంతోషం, ఓసారి రా" అని కేక వేశాడు.

మర్నాడు ఆమె వెళ్ళిన షెడ్డు చిలకలూరిపేట వెళ్ళే హైవే నుంచి లోపలికి, పత్తి చేలు దాటాక ఉంది. పత్తి తీయడం అయిపోయి, ఎండిన కంపకి అక్కడక్కడా తెల్లటి పోగులు వేలాడుతున్నాయి. ఆటో ఇంకా గేటు చేరకముందే ఘాటు ముక్కుకి తగిలింది. మొదటి తుమ్ము రాగానే సంతోషకుమారి గుండె ఎందుకో తేలికైంది. ఎన్నేళ్ళయిందో ఇలా తుమ్మి. కోల్డ్ స్టోరేజీలో కాయలు గోతాల్లో కుట్టి, మంచులో నిద్రపోతుండేవి. ఈ ఘాటు వేరు. ఇది ఎండలో పరిచిన కళ్ళం ఘాటు. అమ్మ కొంగుకి ఉండే వాసన. ఇంటికొచ్చి పిల్లల్ని దగ్గరికి తీసుకోబోయి, చేతులు గుర్తొచ్చి, మోచేతులతో హత్తుకునేది అమ్మ.

"కొత్తవాళ్ళకి ఇక్కడ పలకరింపు అదేనక్కా" అన్నాడు కాటా దగ్గర నిలబడ్డ సైదా, ముఖానికి కట్టుకున్న తువ్వాలు కిందికి లాగి. తూకాలన్నీ అతనే చూస్తాడు.

షెడ్డు యజమాని బుల్లయ్య గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు తను పండించిన కాయ తనే ఎండబెట్టుకున్న రైతు. ఇప్పుడు ఊళ్ళో కాయంతా కొని, ముచ్చికలు తీయించి, ఎగుమతి చేసేవాళ్ళకి పంపుతాడు. కాయ తొడిమని అక్కడ ముచ్చిక అంటారు.

"కూర్చోమ్మా. రాసుకో" అన్నాడు గట్టిగా. ఆయన మామూలు గొంతే అంత. "మనిషికో కార్డు. కాటా మీద గంప పెట్టగానే ఎవరిదో, ఎంతో ఫోనులో పడిపోవాల. ఒకళ్ళ గంపలో ఇంకొకళ్ళ కాయ కలవకూడదు. రోజుకి కనీసం ఇంత తియ్యాలని ఒకటి పెడతాం. వరసగా తగ్గినోళ్ళ పేరు ఎర్రగా చూపించాల. ఆళ్ళని ఇంక రావొద్దంటాం. అంతే మన యవ్వారం."

సంతోషకుమారి ఒక్క మాట పోకుండా రాసుకుంది. ప్రతి మాట తర్వాతా 'ఎందుకండీ' అని అడగాలని జ్యోతిర్మయి మరీమరీ చెప్పింది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అక్కడ ఆగింది. కళ్ళం గట్టు మీద, చెప్పులు చేత్తో పట్టుకుని, రైతు ఎదుట నిలబడ్డ అమ్మ గుర్తొచ్చింది. రేపు ఎన్నింటికి రావాలని అడిగేది అమ్మ. ఎంతమంది కావాలని అడిగేది. కూలి పెంచమని కూడా, నవ్వుతూ, పక్కకి చూస్తూ అడిగేది. ఎందుకు అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఆ మాట కళ్ళంలో వాళ్ళ వైపు ఉండేది కాదు.

"ఇంకేమన్నా అడగాలా?" అన్నాడు బుల్లయ్య.

"లేదండీ" అంది, పుస్తకం మూసి.

లోపల ఆడవాళ్ళు గోనెపట్టాల మీద వరసలుగా కూర్చున్నారు. ఒక్కో వరస ముందు మోకాలెత్తు ఎర్రటి రాశి. ఎడమచేత్తో కాయ అందుకోవడం, కుడి బొటనవేలి గోరు ముచ్చిక కింద ఆనించడం, చిన్న మెలి. ముచ్చిక ఒళ్ళో పడుతుంది, కాయ గంపలో పడుతుంది. చిటుకు చిటుకుమని షెడ్డంతా ఒకటే చప్పుడు, రేకుల మీద సన్నటి జల్లు పడుతున్నట్టు. ఆమెని, ఆమె చేతిలో పుస్తకాన్ని చూడగానే మాటలు ఆగిపోయాయి. చప్పుడు మాత్రం ఆగలేదు.

సంతోషకుమారి పుస్తకం సంచిలో పెట్టేసింది. ఒక వరస చివర చోటుంటే కూర్చుని, ఒక కాయ తీసుకుని, మెలిపెట్టింది. ముచ్చిక శుభ్రంగా ఊడింది.

"ఓయమ్మో, మా పొట్ట కొట్టడానికొచ్చిందే ఈవిడ!" అంది ఎవరో. షెడ్డు నవ్వింది.

పక్కనున్న ముసలామె మాత్రం నవ్వలేదు. ఆమె కుడికాలి బొటనవేలికి తాడు కట్టి ఉంది. ఆ తాడు వెనక స్తంభానికి కట్టిన చీర ఉయ్యాల దాకా వెళ్ళింది. చేతులు కాయల మీద, కాలు ఉయ్యాల మీద. "గోటితో కాదు, వేలి కణుపుతో తీశావు, పాత కళ్ళాల్లో తీసినట్టు" అంది. "ఎవరమ్మాయివి? ఏ ఊరు?"

ప్రత్తిపాడు పక్కన తమ పల్లె పేరు చెప్పింది సంతోషకుమారి. తల్లి పేరు చెప్పి, ఆమె పోయి చాలా ఏళ్ళయిందంది.

"మార్తమ్మ కూతురివా!" కాలు ఒక్కసారి ఆగింది. ఉయ్యాలలో పిల్ల కుయ్యిమంది. మళ్ళీ ఊపింది. "నేను వెంకటేశ్వరమ్మని. మా పెద్ద కళ్ళంలో మీ అమ్మా నేనూ ఎదురెదురు కూర్చునేవాళ్ళం. మీ గుడి పాటలన్నీ నాకొచ్చు, తెలుసా? మీ అమ్మ ఒక పాట మొదలుపెట్టి నాలుగు చరణాలు పాడేలోగా నా గంప నిండేది. ఆ పాట తగ్గితే చెయ్యి తగ్గేది. ఇప్పుడు ఈళ్ళు చెవుల్లో పుల్లలు పెట్టుకుని ఎవరి పాట ఆళ్ళే వింటన్నారు."

ముందు కూర్చున్న ఆరాధన అనే పడుచుపిల్ల చెవిలోని వైరు తీసి, "నీకూ పెడతానంటే వద్దన్నావుగా పెద్దమ్మా" అని మళ్ళీ పెట్టుకుంది. ఆమె వేళ్ళు కంటికి ఆనడం లేదు, అంత వేగం.

వెంకటేశ్వరమ్మ చేతులు వణుకుతున్నాయి. కాయ అందుకోవడానికి రెండు మూడుసార్లు తడుముకుంటోంది. ఆమె గంప అడుగు కూడా నిండలేదు. శాంతి అనే ఆమె నిండిన గంప చంకనెత్తుకుని కాటా వైపు వెళుతూ, వెంకటేశ్వరమ్మ పక్కన ఒక్క క్షణం వంగి, దోసెడు కాయ ఆమె గంపలో వదిలి వెళ్ళిపోయింది. ఆగలేదు, చూడలేదు. గుళ్ళో కానుక సంచిలో చెయ్యి పెట్టి తీసినట్టు. ఆ వెనక వెళ్ళినావిడా అంతే చేసింది.

"అదేంటి?"

"చేబదులు" అంది వెంకటేశ్వరమ్మ, అందులో చెప్పడానికేముందన్నట్టు. తిరిగొచ్చిన శాంతి గోనెపట్టా మీద కూర్చుంటూ చెప్పింది. జ్వరం తగిలినోళ్ళకీ, పిల్లకి పాలిచ్చేవాళ్ళకీ మిగతావాళ్ళు తలా దోసెడు వేస్తారు. ఆదివారం గుడికి పోయి ఆలస్యంగా వచ్చేవాళ్ళ గంపలు వీళ్ళు నింపుతారు, శివరాత్రికి కోటప్పకొండ తిరణాలకి పోయినవాళ్ళవి వాళ్ళు నింపుతారు. "నాది పొన్నూరు వైపు అక్కా. వరికోతలకి మిషన్లొచ్చినాక ఇటొచ్చా. వచ్చిన కొత్తలో చేతులు బొబ్బలెక్కి ఏడుస్తంటే నా గంప ఈళ్ళే నింపారు. ఇదిగో, ఆ ఉయ్యాలలోది నా కూతురే. పెద్దమ్మ ఊపబట్టి నేను కాయ తీస్తన్నా."

సంతోషకుమారి సంచిలోని పుస్తకంలో బుల్లయ్య మాట ఉంది. తగ్గినవాళ్ళ పేరు ఎర్రగా చూపించాలి. వాళ్ళని ఇంక రావొద్దనాలి. మనిషికో కార్డు వస్తే ఎవరు తీసిన కాయ వాళ్ళ పేరునే పడాలి; ఎవరి గంప ఎవరు నింపారో సైదా చూసీ చూడనట్టు ఊరుకుంటాడు గానీ, ఆ ఫోను ఊరుకోదు. ముందు ఎర్రబడేది వెంకటేశ్వరమ్మ పేరే.

ఆ రాత్రి చేతులు మండుతుంటే ప్రభు కొబ్బరినూనె తెచ్చి రాశాడు. "పుస్తకంలో రాయడానికి వెళ్ళి ఈ చేతులేంటి?" అన్నాడు. ఆమె నవ్వింది. ఆ మంట ఆమెకి పాతచుట్టం. చిన్నప్పుడు అమ్మ వేళ్ళకి మజ్జిగ మీగడ రాసింది తనే.

శుక్రవారమంతా కూర్చుని రాసింది. కొట్టేసింది, మళ్ళీ రాసింది. అడుగు అడుగుకీ అంకె వేసింది. కూలీ కార్డు చూపును, గంప కాటా మీద పెట్టును, సిస్టమ్ తూకం నమోదు చేయును. అసలు కష్టమంతా 'మధ్యలో తేడా వస్తే' అన్న చోట పడింది. అక్కడ చేబదులు రాసింది. కాయ ఇచ్చే మనిషి తన కార్డు చూపాలి, ఎంత ఇస్తోందో తూచాలి, అది తీసుకునే మనిషి పేరున కలవాలి, ఇచ్చినామె పేరున తగ్గాలి. అప్పుడు వెంకటేశ్వరమ్మ తూకం ఆ కనీసపు హద్దు దాటుతుంది. పేరు ఎర్రబడదు. ఎవరూ దొంగతనంగా చెయ్యనక్కర్లేదు. రాయడం పూర్తయ్యాక సంతోషకుమారి ఆ పేజీని రెండుసార్లు చదువుకుంది. తను ఒక మనిషి చోటు నిలబెట్టినట్టనిపించింది.

శనివారం జ్యోతిర్మయి చదివి, "ఆంటీ, చాలా బాగా పట్టుకున్నారు! నేను ఒకసారి వెళ్ళొచ్చినా నాకిది కనపళ్ళేదు" అంది. తర్వాత వేలు పైకి జరిపి ఒకచోట ఆపింది. "ఈ ఎర్ర గుర్తు ఆయనకెందుకట?"

"అడగలేదమ్మా."

"ఎందుకు?"

సంతోషకుమారి కొంగు చివర వేలికి చుట్టుకుంది. "పెద్దాయన. ఎందుకండీ అంటే ఎదురు మాట్లాడినట్టుంటుందని..."

జ్యోతిర్మయి కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుంది. "వాళ్ళు మనకి చెప్పేది ఒక్కోసారి ఎక్కడో చూసిన మందు పేరు ఆంటీ. జబ్బు ఏమిటో చెప్పరు. మనం అడిగితేనే చెప్తారు. కోపం రాదు. వస్తే నా పేరు చెప్పండి." కాగితాలు తిరిగిచ్చింది. "ఇంకోటి. ఎవరి గురించి రాశామో వాళ్ళకి చదివి వినిపించాలి. వాళ్ళు ఊఁ అన్నాకే రాసినట్టు లెక్క."

ఆదివారం గుళ్ళో పాటల పుస్తకం తెరిచినప్పుడు, అమ్మ కళ్ళంలో పాడిన పాటే వచ్చింది. సంతోషకుమారి పాడుతూ పాడుతూ, తన బొటనవేలు పుస్తకం అంచు మీద తాళం వేస్తోందని గమనించింది. అది తాళం కాదు. మెలి.

సోమవారం మధ్యాహ్నం అన్నాల వేళ, స్టీలు గిన్నెలకి మూతలు పెట్టాక, ఆమె షెడ్డులో నిలబడి రాసిందంతా చదివింది. యాక్టరు, సిస్టమ్ అన్న మాటలు తీసేసి, మామూలు మాటల్లో. కార్డు దగ్గర కొందరు తలాడించారు. చేబదులు దగ్గరికి వచ్చేసరికి గొంతు కొంచెం హెచ్చింది. చదివి, తలెత్తి చూసింది.

శాంతి పిల్లని భుజాన వేసుకుని నేల చూస్తోంది.

"బాగా రాశావమ్మాయ్" అంది వెంకటేశ్వరమ్మ. "ఆ ఒక్కటీ తీసెయ్యి."

"అది మీ కోసమే రాశానమ్మా. అది లేకపోతే మీ పేరు..."

"తెలుసు. తీసెయ్యి." ఆమె కాళ్ళు చాపుకుంది. "శాంతి నాకెంత పెట్టిందో దానికి తెలవదు. నాకూ తెలవదు. తెలవబట్టా అది పెడతంది? రేపు నీ ఫోను చెప్పిద్ది. ఇదిగో, నెలకి ఇన్ని కేజీలు ముసలిదానికి పోశావు అని. అది చూసి దాని మొగుడు ఊరుకుంటాడా?"

"ఊరుకోడు పెద్దమ్మా" అంది శాంతి వెంటనే. కొందరు నవ్వారు. "ఆయనెందుకు, నాకే అనిపిచ్చిద్దేమో ఒకరోజు."

"రాస్తే అది అప్పు, అమ్మాయ్. అప్పైతే నేను తీసుకోను. తీసుకోకపోతే నేను రాను. నీ ఎర్ర గుర్తుతో పనే లేదు."

సంతోషకుమారి చేతిలో కాగితం బరువెక్కింది. రోజంతా కూర్చుని రాసిన పేజీ. చెప్పుకోదగ్గదని జ్యోతిర్మయి మెచ్చుకున్న పేజీ. ఒక్క నిమిషం ఉక్రోషం వచ్చింది. ఆ తర్వాత, ఇప్పటిదాకా తను వీళ్ళని ఏం అడిగిందో గుర్తుచేసుకుంది. ఏం చేస్తారని అడిగింది. ఎలా చేస్తారని అడిగింది. ఇంకేమీ అడగలేదు.

"పోనీ, మీకేం కావాలి?" అంది.

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "ఫ్యానక్కా" అంది ఒకామె. "గొళ్ళెం పడే మరుగుదొడ్డి" అంది ఇంకొకామె. "మోచేత్తో తిప్పే పంపు, ఈ కారం చేతుల్తో పంపు తిప్పితే, కడుక్కున్నాక మళ్ళీ ఆ కారమే చేతికంటి మొహానికొస్తంది" అంది మరొకామె. సంతోషకుమారి అన్నీ రాసింది. సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేనివి కూడా.

అప్పుడు వెంకటేశ్వరమ్మ అంది. "మనిషికో తూకం వద్దు. వరసకో తూకం వెయ్యమను. మా కళ్ళంలో అట్టాగే ఏసేవాళ్ళు. వచ్చింది అందరం పంచుకుంటాం. వరసలో ఎవరు ఎంత తీశారో వరసకి తెలిస్తే చాలు."

"అదెట్టా కుదురుద్ది?" ఆరాధన వైర్లు రెండూ పీకేసింది. "నేను తీసేది ఎంత, మీరు తీసేది ఎంత? నర్సింగు ఫీజు కట్టాలి నేను."

"అయితే నువ్వు కిటికీ కాడి వరసలో కూర్చో. ఆళ్ళంతా నీ వయసోళ్ళే."

ఆరాధన కాసేపు గోరు కొరుక్కోబోయి, కారం గుర్తొచ్చి ఆగి, లేచి తన గోనెపట్టా చుట్టుకుని కిటికీ వైపు వెళ్ళిపోయింది. "కోపమొచ్చిందేమో" అంది సంతోషకుమారి. "దానికేం కోపం? తండ్రి లేని పిల్ల. దాని లెక్క దానిది" అంది వెంకటేశ్వరమ్మ.

బుల్లయ్య గుమ్మంలో ఫోనులో ఎవరితోనో అరుస్తున్నాడు. సంతోషకుమారి ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఆయన ఫోను పెట్టేశాక, కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మనిషికో తూకం కావాలన్నారు కదండీ" అంది. "ఎందుకండీ?"

బుల్లయ్య కనుబొమలు పైకి లేచాయి. ఆమె నేల చూడబోయి, చూడకుండా ఆపుకుంది.

"ఎందుకేందమ్మా?" ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. కోపం కాదు, ఆలోచన. "రోజూ సాయంత్రం కాటా కాడ ఒకటే గోల. నాది తక్కువేశావంటే నాది తక్కువేశావని. అరవైమంది అరవై గంపలు. బయట లారీవాడు హారను. చీకటి పడేలోగా లారీ కదలకపోతే అక్కడ ఎగుమతివాళ్ళ యార్డులో నా బస్తా దిగేది మర్నాడే. ఈ సైదాగాడికేమో అందరూ అక్కలే, ఎవర్నీ ఏమీ అనడు. నాకు బీపీ."

"ఎర్ర గుర్తు ఎందుకండీ?"

"అదా..." ఆయన కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "తెలిసినాయన మిల్లులో చూశా. ఫోనులో ఎర్రగా, పచ్చగా. బాగుందనిపిచ్చింది."

"మీకు కావాల్సింది లారీ పొద్దుండగా కదలడం, కాటా దగ్గర గోల లేకపోవడం. అంతేనాండీ?"

"అంతే మరి."

"వరసకో తూకమైతే అరవై గంపలు అరవైసార్లు తూచక్కర్లేదండీ. వరసలెన్నో అన్ని తూకాలే. ఎవరిది ఎంతో వాళ్ళే చూసుకుంటారట."

బుల్లయ్య లోపలికి, వరసల వైపు చూశాడు. "మా నాయన కళ్ళంలో అట్టాగే ఉండేది" అన్నాడు. గొంతు మొదటిసారి తగ్గింది. "కళ్ళం మధ్యలో పెద్ద కాటా, ముక్కాలి బల్లకి వేలాడేది..." అని ఆగి, మళ్ళీ గట్టిగా అన్నాడు. "సరే. ఒక నెల చూద్దాం. పని తగ్గిందో, మనిషికో కార్డే. మాట మాటే. ఇంతకీ ఈ ముక్క మొదటిరోజే అడగొచ్చుగా?"

"అడగొచ్చని తెలియలేదండీ" అంది సంతోషకుమారి.

సంతోషకుమారి చేబదులు పేజీని నిలువునా గీత పెట్టి కొట్టేసింది. కొత్త పేజీ తీసి, పైన యాక్టరు బొమ్మ వెయ్యబోయి ఆగింది. ఒక సున్నా, ఒక గీత, రెండు చేతులు. దాని పక్కనే ఇంకొకటి, ఇంకొకటి. చోటు చాలక వాటి చేతులు ఒకదానికొకటి తగిలాయి. జ్యోతిర్మయి ఏమంటుందో తెలియదు. తప్పైతే చెబుతుంది. అలాగే ఉంచింది.

వరస తూకం ఎలా పడుతుందో ఒకసారి చూసి వెళదామని సాయంత్రం దాకా ఉండిపోయింది. సైదా పెద్ద కాటా తుడుస్తున్నాడు. వరసల్లో చేతులు ఇంకా ఆడుతున్నాయి.

"పోతన్నావా?" అంది వెంకటేశ్వరమ్మ. "పోయేలోగా ఒక సంగతి. మీ అమ్మ నాకు ఒక గంప బాకీ."

సంతోషకుమారి తెల్లబోయి చూసింది.

"నిన్నేదో టైపు పరీక్షకి గుంటూరు తీసుకుపోవాలని మిట్టమధ్యాన్నం లేచిపోయింది. నేను చూసుకుంటాలే పో అన్నా. సాయంత్రానికి దాని గంప నింపి కాటా ఎక్కిచ్చా. రేపే తీర్చేస్తానే అంది. ఆ వారమే మీరు ఊరొదిలి పోయారు. మళ్ళా కనపడితే కదా."

ఆ రోజు బస్సులో అమ్మ పక్కన కూర్చోవడం సంతోషకుమారికి గుర్తుంది. ఎర్రబారిన వేళ్ళు దాచుకుంటూ, టిక్కెట్టు కూడా కొంగుతో పట్టుకుని ఇచ్చిన అమ్మ గుర్తుంది. ఆ పూట కూలి పోయిందేమో అన్న ఆలోచన ఆ వయసులో రాలేదు.

"ఏంటి పెద్దమ్మా!" అంది శాంతి. "లెక్క వద్దు, రాయొద్దు అని మధ్యాన్నం ఇంతెత్తున లేచావు!"

"బతికున్నోళ్ళ మధ్య లెక్కెందుకే? రేపు కాకపోతే ఎల్లుండి" అంది వెంకటేశ్వరమ్మ. "పోయినోళ్ళది ఉంచుకోకూడదు. దాని ఆత్మకి బరువు."

సంతోషకుమారి సంచి స్తంభానికి తగిలించింది. కొంగు ముక్కు మీదుగా కట్టుకుని, వెంకటేశ్వరమ్మ ఎదురుగా గోనెపట్టా మీద కూర్చుంది. ఖాళీ గంప ఒకటి ముందుకి లాక్కుంది. మొదట కాయలు ఒకటొకటిగా పడ్డాయి. పదీ ఇరవై పోయాక వేళ్ళకి దారి దొరికింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి, అది ఘాటు వల్లనో మరెందుకో ఎవరూ అడగలేదు. గంప సగం నిండాక, తనకి తెలియకుండానే సన్నగా పాట అందుకుంది. మొదటి చరణం దగ్గర ఎదుటి నుంచి వణికే గొంతు ఒకటి వచ్చి కలిసింది. కాలితో ఉయ్యాల ఊగుతూనే ఉంది.

గంప నిండింది. వెంకటేశ్వరమ్మ అరచేత్తో కాయల్ని పైనుంచి అదిమి చూసింది. గంపలో కాయ ఇంత లోతు కుంగింది.

"ఆ రోజు నేను కుదిలించి నింపాను" అంది.

సంతోషకుమారి నవ్వుతూ, మండుతున్న చేతులతో ఇంకో రెండు దోసిళ్ళు తీసి, ముచ్చికలు ఊడదీసి, గంప అంచు దాకా పోసింది. వెంకటేశ్వరమ్మ గంపని పక్కకి జరుపుకుని, తలాడించింది.

"చెల్లు" అంది. "ఇంక లే. ఆఖరి ఆటో పోయిద్ది."